తెల్లచుక్కల వ్యాధి: ఒక చేప చచ్చుట, ఒక చేప బ్రదుకుట

తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మొన్న మా యొద్దకు వచ్చి ఒక సందేహమును అడిగెను. వాని యింట గాజుతొట్టిలో సముద్రపు చేపలు రెండు ఉండెడివి. ఒకటి నారింజరంగు ఒడలిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేప, రెండవది నీలిరంగు సర్జన్ చేప. 2003 లో వెలువడిన 'ఫైండింగ్ నీమో' చిత్రమును చూచినవారికి నీమో, డోరీ అన్న చాలును. రెంటికిని ఒకే నీరు, ఒకే మేత. అయినను సర్జన్ చేప ఒడలెల్ల ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు పొడమి, అది కొలది దినములలో చచ్చెను. క్లౌన్ చేపకు ఏమియు కాలేదు. తండ్రి మరియొక సర్జన్ చేపను తెచ్చి వేసెను. అదియు బ్రదుకలేదు. ఇంటివారు నీటిని నిందించిరి, అమ్మినవానిని నిందించిరి, కడకు దిష్టి యనిరి.

మేము తెలుగు చెప్పువారము; జంతుశాస్త్రము మా పాలిది కాదు. అయినను అడిగిన పిల్లవానిని పొమ్మనలేక, చదివి తెలిసికొన్నంత వ్రాయుచున్నాము.

ఈ చుక్కలకు కారణము క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అను ఏకకణ జీవి. 1951 లో దానికి ఈ పేరు పెట్టిరి. దాని చుట్టును నూగు వంటి శైలికలు ఉండును. వానితో ఈదివచ్చి, చేప చర్మపు పైపొర క్రిందికి తొలుచుకొని పోవును. అచ్చట మూడు మొదలు ఏడు దినములు చేప కణములను తిని బలియును. మనకు కనబడు చుక్క అదియే. ఆవగింజలో సగమైనను ఉండదు. మొప్పలలో చేరినపుడు మాత్రము చేపకు ఊపిరి సలుపదు. బలిసిన పిమ్మట అది చేపను విడిచి, తొట్టి యడుగున గుల్ల కట్టుకొని, లోపల చీలి చీలి, ఒక్కటి రెండు వందలకు పైగా కాగలదు. పుట్టిన పిల్లలకు రెండు దినములలోపల చేప దొరకవలెను. విశాల సముద్రమున వానిలో పెక్కింటికి దొరకదు. గాజుతొట్టిలోనో, తప్పించుకొనుటకు చేపకు చోటేది?

ఇక తట్టుకొనుట యన్నది ముఖ్యముగా జిగురు మహిమ. బ్రదికిన చేపను పట్టిన చేతినుండి జారును గదా, ఆ జిగురే. అది నిరంతరము ఊరుచు, పాతది ఊడుచు, అంటినవానిని తనతో కొనిపోవును. సూక్ష్మజీవులను చంపు పదార్థములును అందు కలవు. మాండరిన్ చేపకు పొలుసు లేదు, కాని జిగురు మిక్కిలి దట్టము; చుక్కలు దానికి అరుదు. క్లౌన్ చేప జిగురును మందమైనదే. సర్జన్ చేపలకు పొలుసు సన్నము, జిగురు పలుచన.

రాబిట్ ఫిష్ జాతిలో శైగానస్ ఒరామిన్ అనునది యొకటి కలదు. దాని రక్తరసమందలి ఒక ప్రోటీను ఈ పరాన్నజీవిని చంపునని చైనా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ ప్రోటీను హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును. మోకాలు చెక్కుకొనిపోయినపుడు పుండుపై పోయగా నురుగు పొంగు మందు అదియే!

ఒకమారు వ్యాధి సోకి బ్రదికిన చేపకు మరియొక బలము చేకూరును. దాని జిగురులో ప్రతిరక్షకములు పుట్టి, వచ్చిన శత్రువు శైలికలను కదలనీయవు. మల్లెట్ అను చేపలలో ఈ రక్షణ ఆరు నెలల వరకు నిలిచినట్లు 1995 లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. అట్లని క్లౌన్ చేపకు ఈ వ్యాధి రానే రాదని తలపరాదు. పైగా, దాని పేరిటనే పిలువబడు మరియొక పరాన్నజీవి వ్యాధి దానికి ప్రాణాంతకము.

పిల్లవాని తొట్టిలో జరిగినది ఇప్పుడు ఊహింపవచ్చును. క్లౌన్ చేప శత్రువును ఓర్చుకొన్నదే గాని, తొట్టినుండి వెళ్లగొట్టలేదు. కంటికి కానరాని నాలుగైదు దాని మొప్పలలో పెరుగుచునే యుండును. అడుగున గుల్లలును ఉండును. కొన్ని 72 దినముల వరకు పగులక నిలిచినట్లు పరిశీలించిరి. రెండవ సర్జన్ చేప వచ్చి పడినది వీని నడుమనే.

కనుక తొట్టిని ఖాళీచేసి, ఇసుకను, రాళ్లను లోపలివరకు పూర్తిగా ఎండనిచ్చిన గుల్లలు చచ్చును. క్లౌన్ చేపను మూడేసి దినముల కొకసారి, కడిగి యెండబెట్టిన వేరు తొట్టికి, క్రొత్త నీటితో, నాలుగు మారులు మార్చవలెను. గుల్లలు సాధారణముగా మూడు దినములకు ముందు పగులవు గనుక, రాలినవి రాలినచోటనే నిలిచిపోవును. పిల్లవాడు ఇందులకై ఇంటిలోని రెండు ప్లాస్టిక్ బకెట్లను అడుగగా, తల్లి ఒకటి మాత్రమే ఇచ్చినదట. రెండవదియు ఇప్పింపుమని ఆమెకు చీటి వ్రాసి పంపితిమి.