వీథిపత్రికలు - కర్తృత్వవిచారము

ఇల్లులేనివారు వీథులయందు నిలిచి యమ్ముకొని జీవించుటకై వెలువరింపఁబడు పత్రికలకు వీథిపత్రిక లని పేరు. ఇవి భిక్షాటనమునకు మాఱురూపములే యని కొందఱి తలంపు. ఆ తలంపు యుక్తమగునా కాదా యని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా వీని పుట్టుకను సంగ్రహముగాఁ జెప్పెదను. 1989లో న్యూయార్కునగరమున స్ట్రీట్ న్యూస్ అను పత్రిక బయలుదేఱెను. దానిని జూచిన గోర్డన్ రాడిక్ అను బ్రిటిషు వర్తకుఁడు, జాన్ బర్డు అను మిత్రునితోఁ గూడి, 1991లో లండనునందు ది బిగ్ ఇష్యూ అను పత్రికను స్థాపించెను. బర్డు పూర్వము తానును వీథులఁ బరుండినవాఁడు. మొదట మాసపత్రికగా నున్న యది పిమ్మట వారపత్రిక యయ్యెను. 1993లో జర్మనీదేశపు హాంబుర్గునందును, 1996లో ఆస్ట్రేలియాయందును, 2003లో జపానునందును ఇట్టి పత్రికలు పుట్టినవి. 1994లో వీని కన్నిటికి నొక అంతర్జాతీయసంఘ మేర్పడెను.

లండనుపత్రిక నడచు విధ మిట్టిది. విక్రేత ప్రతిని ముద్రితమూల్యమున సగమునకుఁ గొని, పూర్తిమూల్యమున కమ్మును. మిగిలిన సగము వానిది. క్రొత్తవానికి మూలధన ముండదు గావునఁ గొన్ని ప్రతుల నుచితముగా నిత్తురు. వానికి గుర్తుచీటియు, నిలువఁదగిన తావును, నడవడికి నియమములును గలవు. అమ్ముడుపోని ప్రతుల వెలను మాత్రము మరల నీయరు.

ఈ కడపటి నియమము కఠినముగాఁ దోఁచును. అయినను మర్మ మిందే యున్నది. చాకలికి బట్ట లిచ్చునపుడు వానియందలి స్వత్వము మనయందే నిలుచును గావున నది ముఖ్యదానము గాదని కొందఱు వ్యాఖ్యాతల మతము. పత్రికాధిపతులు విక్రేతకుఁ బ్రతుల నట్లు అప్పగించుటలేదు. అతఁడు వెలయిచ్చి వానిని దనవిగాఁ జేసికొనుచున్నాఁడు. లాభమువలె నష్టమును వానిదే. కావున నతఁడు భృత్యుఁడు గాఁడు, వర్తకుఁడు.

క్రియయందు స్వతంత్రుఁడైనవాఁడు కర్త. భిక్షయందు ఇచ్చువాఁడు కర్త, పుచ్చుకొనువాఁడు సంప్రదానము. వీథిపత్రికయందు వాక్యము తలక్రిందగును. ఇల్లులేనివాఁడే యిచ్చువాఁడు, త్రోవఁబోవు ధనికుఁడు పుచ్చుకొనువాఁడు.

కొనువారిలో ననేకులు జాలిచేతనే కొందురు గదా, పత్రిక నెపమాత్రమే గదా యని యాక్షేపము. జాలి కొనువాని మనస్సునకుఁ జెందినది. దానిచే విక్రయము దానము గానేరదు. కాని డబ్బిచ్చి, ప్రతిని నీయొద్దనే యుంచుకొమ్మని పోవువాఁడు దయాళుఁ డయ్యును, విక్రేత కర్తృత్వమును హరించి వానిని మరల సంప్రదానముగాఁ జేయుచున్నాఁడు. కావునఁ బత్రిక చదువఁదగినదిగా నుండవలయును. వ్రాఁత చప్పనైనచో నమ్మకము పేరికే మిగిలి భిక్షయే యగును. ఇచ్చట సంపాదకుని శ్రద్ధయు విక్రేత గౌరవమును వేఱు గావు.

కర్తకును అధికరణము వలయు నని 2020లో దెలిసినది. కరోనావ్యాధిచే వీథులు నిర్జనము లగుటచే బ్రిటనునందు వీథివిక్రయము నిలిచిపోయెను. అంగళ్లలో నమ్మియుఁ జందాదారులకుఁ బంపియుఁ బత్రికను నిలుపుకొనిరి. వీథి లేక వీథిపత్రిక విక్రేతకు జీవనాధారము గాఁజాలదు.

పత్రిక యమ్మినంతమాత్రమున నెవనికిని ఇల్లు గలుగదు. అది వేఱుగా సాధింపవలసిన కార్యము. అయినను, ఇల్లు గలుగుటకు ముందే యొక మనుష్యుఁడు తన వాక్యమునకుఁ దాను గర్త యగుట యల్పలాభము గాదు. పాఠశాలలయందుఁ గారకములను బోధించు పండితులు ఈ యుదాహరణమును జెప్పిరేని, వ్యాకరణమునకు లోకముతోఁ గల సంబంధము విద్యార్థులకు సులభముగా బోధపడును.