పాత గ్యాడ్జెట్‌ని డస్ట్‌బిన్‌లో వేశారా? అందులోని లెడ్ ఎటు వెళ్తుందో చూడండి

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేసిన రోజే పాత ఛార్జర్, పాడైన ఇయర్‌ఫోన్స్ డస్ట్‌బిన్‌లోకి వెళ్లిపోతాయి. మర్నాడు చెత్త ఆటో వచ్చి తీసుకెళ్తుంది. మన పని అయిపోయినట్టే. కానీ వాటిలోని మెటల్స్ ప్రయాణం అప్పుడే మొదలవుతుంది.

అన్నం కుళ్లిపోతుంది, పేపర్ నానిపోతుంది. లెడ్, కాడ్మియం మాత్రం మూలకాలు. కుళ్లవు, కాల్చినా మాయం కావు. ఉన్నచోటే ఉంటాయి, లేదంటే ఇంకోచోటికి చేరతాయి.

లీచేట్ అంటే ఏంటి?

డంప్ యార్డ్ మీద పడ్డ వాన నీరు చెత్త పొరల గుండా కిందికి దిగుతుంది. తడి చెత్త వదిలే రసంతో కలిసి నల్లటి ద్రవంగా మారుతుంది. అదే లీచేట్. మెటల్స్ నేలలోకి, నీళ్లలోకి చేరే ముఖ్యమైన దారి ఇదే.

స్టేజ్ 1: కరగడం

చెత్త లోపల ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా మన వంటింటి చెత్తని పులియబెట్టి యాసిడ్లు తయారుచేస్తుంది. చింతపండుతో తోమితే రాగి చెంబు తళతళలాడుతుంది కదా? పైనున్న నల్లటి పొరని యాసిడ్ కరిగించేస్తుంది. డంప్‌లో మన సర్క్యూట్ బోర్డులకు జరిగేది కూడా దాదాపు ఇదే.

స్టేజ్ 2: లాక్ అవడం

తర్వాత మీథేన్ చేసే బ్యాక్టీరియా ఆ యాసిడ్లను తినేస్తుంది. పీహెచ్ 7 దాటుతుంది. మెటల్స్ సల్ఫైడ్‌తో కలిసి, కరగని రూపంలో చెత్తలోనే ఉండిపోతాయి. ల్యాండ్‌ఫిల్‌కి చేరిన హెవీ మెటల్స్‌లో మొదటి 30 ఏళ్లలో లీచేట్‌తో బయటికొచ్చేది సగటున 0.02 శాతం కంటే తక్కువేనని పరిశోధకుల అంచనా.

హమ్మయ్య అనుకోవద్దు. అంటే మిగతాదంతా ఇంకా లోపలే ఉందన్నమాట! గుట్ట తవ్వినా, లోపలికి గాలి చేరినా ఆ లాక్ ఊడిపోవచ్చు. పైగా కుళ్లిన చెత్త నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు మెటల్స్‌ని అంటించుకుని నీళ్లతోపాటు మోసుకెళ్తాయి.

మరి అడ్డుకునేదెవరు?

మన దేశ నిబంధనల ప్రకారం ల్యాండ్‌ఫిల్ అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీట్ వేయాలి. పాత డంప్ యార్డులు చాలావరకు ఇలాంటివేవీ లేకుండానే పెరిగాయి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌నే చూడండి. గుట్టకి పైన క్యాపింగ్ చేశారు. కానీ అప్పటికే లీచేట్ పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది.

ఒక్క గ్రాము లెక్క

పాత టిన్-లెడ్ సోల్డర్‌లో దాదాపు 37 శాతం లెడ్ ఉండేది. అంటే 3 గ్రాముల సోల్డర్‌లో గ్రాముకు పైనే. తాగే నీటికి బీఐఎస్ పెట్టిన లిమిట్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము. కాబట్టి ఒక్క గ్రాము లెడ్ పూర్తిగా కరిగితే లక్ష లీటర్ల నీళ్లని ఆ లిమిట్‌కి తీసుకురాగలదు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 20!

డ్రాయర్‌లో ఏది డేంజర్?

2006 జూలై నుంచి యూరప్ రోహెచ్‌ఎస్ రూల్ లెడ్‌ని 0.1 శాతానికి, కాడ్మియంని 0.01 శాతానికి పరిమితం చేసింది, కొన్ని మినహాయింపులతో. తర్వాత మన దగ్గరా అలాంటి లిమిట్లు వచ్చాయి. అందుకే ఈ విషయంలో మీ కొత్త ఫోన్ కంటే అటక మీదున్న సీఆర్‌టీ మానిటర్, పాత మదర్‌బోర్డు, కార్డ్‌లెస్ ఫోన్‌లోని నికెల్-కాడ్మియం బ్యాటరీ ఎక్కువ ప్రమాదం.

ఇలా చేయండి

• ఈ-వేస్ట్‌ని తడి చెత్తతో అస్సలు కలపొద్దు. యాసిడ్‌కి ముడిసరుకు అదే.
• కొత్తది కొనేటప్పుడు ఆ బ్రాండ్ టేక్-బ్యాక్ ఆప్షన్ గురించి అడగండి.
• రీసైక్లర్‌కి ఇస్తుంటే సీపీసీబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. లేనిచోట బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచడం, రాగి కోసం వైర్లు కాల్చడం జరుగుతుంటుంది. డంప్‌లో ఏళ్లు పట్టే పని అక్కడ ఒక్క పూటలో అయిపోతుంది.

ఈ ఆదివారం ఓసారి అటక దించి చూడండి. చెత్త ఆటో వచ్చేలోపు వేరుచేయాల్సినవి మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.