పాత ల్యాప్‌టాప్ పారేయకండి.. ముందు లైనక్స్ వేసి చూడండి!

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొత్తది కొనే ముందు నా మాట ఒకటి వినండి.

ఏది వేయాలి?
4 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. 2 జీబీ అయితే నా ఓటు యాంటీఎక్స్‌కే. 32 బిట్ ప్రాసెసర్‌పై డెబియన్ 13 కొత్తగా ఇన్‌స్టాల్ కాదు, కానీ యాంటీఎక్స్ 23కి 32 బిట్ వెర్షన్ ఉంది.

అసలు బరువు బ్రౌజర్‌దే
ఓఎస్ ఎంత తేలికైనా, పది ట్యాబ్‌లు తెరిస్తే 2 జీబీ నిండిపోతుంది. ఈపాస్ స్కాలర్‌షిప్ అప్లికేషన్, పైథాన్ ప్రాక్టీస్, లిబ్రేఆఫీస్‌లో ప్రాజెక్ట్ రిపోర్ట్.. ఒక్కోటి చేసుకుంటే ఇబ్బంది ఉండదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఎవరు ఆగాలి?
పేజ్‌మేకర్, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు విండోస్‌లోనే ఉండండి.

మిగతావాళ్లు ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, తెలుగు టైపింగ్ చెక్ చేయండి. అన్నీ ఓకే అయితే, ఫైల్స్ బ్యాకప్ తీసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.