ధ్రువప్రాంతములో మారథాన్: దేహోష్ణపు జమాఖర్చులు

మారథాన్ పరుగుపందెము 1896 లో ఏథెన్సు నగరములో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలతో ప్రసిద్ధికి వచ్చినది. దాని దూరము 42.195 కిలోమీటర్లు. చదునైన రోడ్డు మీదనే ఈ దూరము పరుగెత్తుట మిక్కిలి శ్రమతో కూడిన పని. అట్టి పందెమును అంటార్కిటికా మంచు మీద కూడ నడుపుతున్నారు. 2002 లో ఐర్లండు దేశస్థుడైన రిచర్డ్ డోనవన్ జనవరిలో దక్షిణ ధ్రువము వద్ద, ఏప్రిల్‌లో ఉత్తర ధ్రువము వద్ద మారథాన్ దూరము పరుగెత్తినాడు. తరువాత అతడే అంటార్కిటిక్ ఐస్ మారథాన్ అనే పందెమును ఏర్పాటు చేసినాడు.

ఈ పందెము యూనియన్ గ్లేషియర్ అనే హిమానీనదము మీద, ఎల్స్‌వర్త్ పర్వతముల పాదము వద్ద, సుమారు 80 డిగ్రీల దక్షిణ అక్షాంశములో జరుగుతుంది. చిలీ దేశపు దక్షిణ కొననున్న పుంటా అరేనాస్ పట్టణము నుండి పోటీదారులు విమానములో వచ్చి, గట్టిపడిన నీలి మంచు మీద దిగుతారు. పందెము అక్కడి వేసవిలో జరుగుతుంది గనుక సూర్యుడు అస్తమించడు. అయినను ఉష్ణోగ్రత సున్నాకు చాల దిగువనే ఉంటుంది. ఎత్తైన మంచు పీఠభూమి నుండి బరువైన చల్లని గాలి పల్లమునకు వీస్తూ ఉంటుంది.

ఇట్టి చోట పరుగెత్తే మనిషి దేనికి భయపడవలెను? చలికి అని మనము వెంటనే అంటాము. అనుభవజ్ఞులు మాత్రము చలితోపాటు చెమటను గూర్చి కూడ హెచ్చరిస్తారు. గడ్డకట్టే చలిలో చెమట ఏమిటని ఆశ్చర్యపడవద్దు. చిన్న లెక్క వేసి చూతము.

దేహము ఒక కొలిమి

చదునైన గట్టి నేల మీద పరుగెత్తేవానికి, శరీరపు బరువులో కిలోగ్రాముకు, దూరములో కిలోమీటరుకు, సుమారు ఒక కిలోకేలరీ శక్తి ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి మారథాన్ మొత్తము మీద సుమారు 2,500 కిలోకేలరీలు కావలెను. మెత్తని మంచులో కాలు దిగబడుతుంది గనుక ఇంకను ఎక్కువే పడుతుంది. అతడు 5 గంటలలో పందెము పూర్తిచేసినచో గంటకు 500 కిలోకేలరీలన్నమాట. ఇందులో కనీసము మూడు వంతులు, అనగా గంటకు 375 కిలోకేలరీలు, ఉష్ణముగా వెలువడుతుంది. ఊరక కూర్చున్న మనిషి దేహము గంటకు సుమారు 70 కిలోకేలరీల ఉష్ణమునే ఇస్తుంది. అంటే పరుగెత్తేవాని దేహము అయిదు రెట్లు మండుతున్న కొలిమి.

కూర్చున్నవానికి సరిపోయే మందపాటి దుస్తులు వేసుకొని పరుగెత్తితే ఈ ఉష్ణము బయటికి పోలేదు. చెమట పడుతుంది. చెమట ఆవిరి బయటికి పోతూ చల్లని పై దుస్తులో ద్రవీభవించి, గడ్డకడుతుంది కూడ. దుస్తులు వెచ్చగా ఉండుటకు కారణము వాటి పోగుల మధ్య నిలిచిన గాలి. ఆ స్థానమును నీరు ఆక్రమించినచో వెచ్చదనము పోతుంది; నీరు గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా ఉష్ణమును ప్రసరింపజేస్తుంది. పైగా చర్మము మీద ఒక లీటరు చెమట ఆరుటకు సుమారు 580 కిలోకేలరీల ఉష్ణము కావలెను. దుస్తులలో చిక్కిన పావు లీటరు ఆరవలెనన్నను 145 కిలోకేలరీలు పోతాయి. ఇది కూర్చున్న మనిషి దేహములో రెండు గంటలపాటు పుట్టే ఉష్ణముతో సమానము. మన వేసవిలో నూలు చొక్కా హాయినిచ్చుటకు కారణము అది చెమటను పీల్చి మెల్లగా ఆరనిచ్చుటయే. ఆ గుణమే ధ్రువప్రాంతములో హాని చేస్తుంది. అందువలన అక్కడ చర్మమును ఆనుకొనే పొర ఉన్నితో గాని, తేమను నిలుపని కృత్రిమ నూలుతో గాని చేసినదై ఉండవలెను. దాని మీద గాలిని పట్టి ఉంచే పొర ఒకటి, అన్నిటికి పైన గాలిని అడ్డగించే పలుచని పొర ఒకటి ధరిస్తారు. బయలుదేరునప్పుడు కొంచెము చలిగా అనిపిస్తేనే దుస్తులు సరిగా ఉన్నట్లు లెక్క.

గాలి తెచ్చే చలి

అంటార్కిటికాలో 1941 లో పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్ అనే శాస్త్రజ్ఞులు నీరు గడ్డకట్టుటకు పట్టే కాలమును వేరువేరు గాలి వేగములలో కొలిచి, గాలికి చలికి గల సంబంధమును నిర్ణయించినారు. 2001 లో సవరించిన సూత్రము ఇప్పుడు వాడుకలో ఉన్నది. ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలు, గాలి వేగము గంటకు 20 కిలోమీటర్లు అనుకొందము. గంటకు 8 కిలోమీటర్ల వేగముతో ఎదురుగాలిలో పరుగెత్తేవాని ముఖమునకు తగిలే గాలి వేగము 28. అతనికి తోచే చలి మైనస్ 32 డిగ్రీల వంటిది. అతడే వెనుదిరిగి పరుగెత్తితే వేగము 12 మాత్రమే. చలి మైనస్ 28 వంటిది. కావున దిక్కు మారినప్పుడెల్ల పై పొరను మూయుటయో తెరచుటయో చేయవలెను. ముక్కు, చెవులు, బుగ్గలు కప్పుకొనవలెను. వేళ్ళన్నియు ఒకే అరలో ఉండే చేతితొడుగు విడివిడి వేళ్ళ తొడుగుకంటె వెచ్చగా ఉంటుంది. దాని ఉపరితల వైశాల్యము తక్కువ. తాజా మంచు సూర్యకాంతిలో నూటికి 80 వంతులకు పైగా పరావర్తనము చేస్తుంది గనుక నల్లని కంటి అద్దాలు తప్పనిసరి.

శిక్షణ

వేడికి అలవాటుపడినంతగా మానవదేహము చలికి అలవాటుపడదు. అందుచేత శిక్షణలో అధికభాగము సామాన్యమైన మారథాన్ శిక్షణయే. నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టి, వారపు దూరమును కొద్దికొద్దిగా పెంచుతూ, వారమునకొక దీర్ఘమైన పరుగును 30 కిలోమీటర్ల వరకు తీసుకొనిపోతారు. చివరి రెండు మూడు వారములు శ్రమ తగ్గిస్తారు. మంచు దొరకనివారు మెత్తని ఇసుకలో పరుగెత్తి చీలమండలను, పిక్కలను గట్టిపరచుకొంటారు. కొందరు శీతల గిడ్డంగులలో యంత్రము మీద పరుగెత్తి దుస్తులను పరీక్షించుకొన్నారు. తొడుగులతోనే పొట్లము విప్పుట, గొలుసు లాగుట వంటి చిన్న పనులు కూడ అభ్యాసము చేయవలెను.

ముప్పదవ కిలోమీటరు తరువాత

ఈ జమాఖర్చులు తారుమారయ్యే చోటు ఇదియే. కండరములలో, కాలేయములో గ్లైకోజెన్ రూపమున నిలువయుండే శక్తి సుమారు 2,000 కిలోకేలరీలకు మించదు. కొవ్వు కూడ కొంత మండినప్పటికిని, దారిలో ఆహారము తీసుకొననివానికి ముప్పదవ కిలోమీటరు దాటినంతట గ్లైకోజెన్ అడుగంటుతుంది. అతడు నడకకు దిగుతాడు. నడకతో ఉష్ణోత్పత్తి సగమునకు పడిపోతుంది. దుస్తులేమో అప్పటికే తడిసి ఉంటాయి, గాలి ఎప్పటివలెనే వీస్తుంది. జమ తగ్గి ఖర్చు పెరిగి, దేహాంతర్భాగపు ఉష్ణోగ్రత 37 నుండి 35 డిగ్రీలకు దిగువకు జారినచో దానిని అల్పోష్ణస్థితి అంటారు. మొదట వణుకు, పిమ్మట మాట తడబాటు, చేతుల మొద్దుతనము, ఆపైన బుద్ధిమాంద్యము కలుగుతాయి. తనకు అపాయము కలిగినదని గ్రహించే శక్తినే చలి హరిస్తుంది. అందుచేత ఎక్కడ దుస్తులు మార్చవలెను, ఎంతసేపటికొకసారి తినవలెను, ఏ లక్షణము కనబడితే పందెము మానవలెను అనునవి ముందే నిర్ణయించుకొనవలెను. ఆ నియమములను దారిలో మార్చరాదు. సగము దారిలో పొడి దుస్తులు మార్చుకొనుట, తినుబండారములను గడ్డకట్టకుండ లోపలి జేబులో దాచుకొనుట, దాహము తోచకున్నను నీరు త్రాగుట, ఇవన్నియు జమవైపు వ్రాయవలసిన పద్దులే.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగా చూపవచ్చును. ఒకే రకము సీసాలు మూడు తీసుకొని, ఒకే వేడిగల నీటితో సమముగా నింపండి; చేయి కాలనంత వేడి చాలును. ఒకదానికి పొడి గుడ్డ, రెండవదానికి తడి గుడ్డ చుట్టండి. మూడవదానికి తడి గుడ్డ చుట్టి దానిపై ప్లాస్టిక్ కాగితము బిగించండి. మూడింటిని ఒకే పంకా ముందు ఉంచి, అయిదేసి నిమిషములకు ఉష్ణోగ్రతలను వ్రాసి గ్రాఫు గీయించండి. ఏ సీసా ముందుగా చల్లబడునో విద్యార్థులచే ముందే ఊహింపజేసి, కారణము అడగండి. రెండవ, మూడవ సీసాల మధ్య భేదమును సరిగా వివరించగలిగిన విద్యార్థి ధ్రువపు పరుగునకు కావలసిన భౌతికశాస్త్రములో సగము నేర్చినట్లే. మిగిలిన సగము కాళ్ళు నేర్వవలెను.