వడిగల కారునకు తగిన నూనె

శ్రీకూర్మము పేరు వినగానే మనకు క్షీరసాగర మథనము స్ఫురించును. దేవదానవులు మందర పర్వతమును కవ్వముగా నిలిపిరి, వాసుకిని త్రాడుగా చుట్టిరి. కాని అడుగున ఆధారము లేక కొండ కడలిలో క్రుంగిపోయెను. అప్పుడు విష్ణువు కూర్మరూపమున దానిని వీపుపై మోసెనని పురాణకథ. యంత్రములతో పరిచయమున్నవారు ఈ కథ వినినప్పుడు ఒక విషయము గమనింపక మానరు. తిరుగునది ఒకటి, దానిని మోయుచు కదలక నిలుచునది మరియొకటి, ఆ రెంటి నడుమ ఒరపిడి. మోటారు కారు ఇంజనులో క్రాంకుషాఫ్టు తిరుగునది, బేరింగు మోయునది. ఆదికూర్మపు వీపు ఒరపిడికి అరగదు గాని, బేరింగు అరుగును. లోహము లోహమును తాకకుండ నడుమ నిలిచి కాపాడునది ఇంజను నూనె.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. బండి ఇరుసునకు కందెన ఎంత అవసరమో సుమతీ శతకము నాటికే మన పెద్దలకు తెలియును. పల్లెలలో కందెనకు ఆముదము వాడుట పరిపాటి. ఆ ఆముదమే తరువాత ఆకాశమున కెక్కినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఇంజను మొత్తము గిరగిర తిరుగు రోటరీ విమానములలో ఆముదమునే పోసెడివారు. అది పెట్రోలులో సులభముగా కరగకపోవుట అందులకు ముఖ్యకారణము. 1909లో ఆంగ్లదేశమున వేక్‌ఫీల్డు సంస్థ తన నూనెకు పెట్టిన కాస్ట్రాల్ అను పేరు కూడ ఆముదపు ఆంగ్లనామమైన కాస్టర్ నుండి పుట్టినదే. అయినను ఆముదమునకు ఒక దోషము కలదు. అది లోహమును చక్కగా అంటిపెట్టుకొనును గాని, వేడిమికి ఓర్వలేక క్రమముగా జిగురుగా మారి ఇంజనులో పేరుకొనును. నూనెకు చిక్కదన మొక్కటే చాలదను పాఠము నాటినుండియు ఉన్నదే.

ఆ పాఠమును నేడు మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది. శక్తిమంతమైన కారు ఒకప్పుడు కొద్దిమంది శ్రీమంతుల ముచ్చట. ఇప్పుడు అట్లు కాదు. 2019లో, అప్పటి అనంతపురము జిల్లా పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారము నుండి వెలువడిన సెల్టాస్ కార్లలో ఒక రకమునకు 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను అమర్చిరి. దాని బలము 140 అశ్వశక్తి. పూర్వము పెద్ద ఇంజను ఇచ్చెడి బలమును ఇప్పుడు చిన్న ఇంజను నుండి రాబట్టుచున్నారు. ఇట్టి కార్లు మన పల్లెబాటలపై కూడ తిరుగుచున్నవి. చిన్న ఇంజనులో పెద్ద బలమనగా కొద్దిపాటి నూనెపై పెద్ద భారము. టర్బో యందలి సన్నని ఇరుసు నిమిషమునకు లక్షన్నర చుట్లకు మించి తిరుగగలదు. దాని ఒక కొనను తాకు పొగ వేడిమి 900 డిగ్రీల వరకు పోవును. అక్కడ నూనె పొర చెదరినచో నష్టము వందలతో పోదు. ఇంజను విప్పి మరల కట్టించుటకు ఒక సామాన్య కుటుంబపు ఏడాది ఆదాయము చాలకపోవచ్చును.

మరమ్మతు దుకాణములలో తరచు వినవచ్చు సలహా యొకటి కలదు: “మన ఎండలకు పలుచని నూనె ఆగదండీ, చిక్కనిది పోయించండి” అని. ఈ సలహా సద్బుద్ధితో చెప్పినదే యైనను, ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్న డబ్బాపై అచ్చువేసిన అంకెల అర్థము తెలియవలెను.

5డబ్ల్యు–30 అను గుర్తును తీసికొందము. డబ్ల్యు అను అక్షరము శీతకాలమును సూచించును. దాని ముందరి అంకె గడ్డకట్టు చలిలో నూనె కదలికను తెలుపును. 5డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 30 డిగ్రీల వద్దను, 15డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీల వద్దను పరీక్షింతురు. అట్టి చలి మన తీరమున ఏనాడును లేదు. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో నూనె స్నిగ్ధతను, అనగా చిక్కదనమును తెలుపును. 30 అనినచో ఆ వేడిలో స్నిగ్ధత 9.3 మొదలు 12.5 లోపు సెంటీస్టోకులు; 40 అనినచో 12.5 మొదలు 16.3 లోపు.

ఇచ్చట గమనింపవలసిన దొకటి. 100 డిగ్రీల వద్ద పది పదునొకండు సెంటీస్టోకులుండు ఆ నూనెయే 40 డిగ్రీల వద్ద అరువదికి మించియుండును. అనగా ప్రొద్దుట ఇంజను కదలించిన మొదటి క్షణములలో ఏ నూనెయైనను అవసరమునకు మించి చిక్కగానే యుండును. అప్పుడు కావలసినది నూనె త్వరగా పైభాగములకు చేరుట. అనవసరముగా చిక్కని నూనె ఆలస్యముగా చేరును. ఆ ఆలస్యములో అరుగుదల జరుగును. బేరింగునకు ఇరుసునకు నడుమ ఖాళీ తలవెంట్రుక మందము కంటె తక్కువ. ఎంత స్నిగ్ధత గల నూనె అందులో పారవలెనో నిర్ణయించియే ఇంజనును రూపొందింతురు.

ఇక ఎండ మాట. బయట 30 డిగ్రీలున్నను 42 డిగ్రీలున్నను, ఇంజనులోని నీటి వేడిమిని థర్మోస్టాట్ 90 డిగ్రీల ప్రాంతమున నిలుపుటకు చూచును. సాధారణ ప్రయాణములో నూనె వేడిమి 90 నుండి 110 డిగ్రీల వరకు ఉండును. ఎడతెగని వేగముతోను, నిండు బరువుతోను పోవునప్పుడు అది 120, 130 డిగ్రీలను కూడ దాటవచ్చును. కనుక నూనెను పలుచన చేయుటలో ఎండ కంటె యాక్సిలరేటరుపై మోపిన పాదమునకే ఎక్కువ భాగము కలదు.

అట్లని పలుచనిదే మేలని మేము చెప్పుటలేదు. కారుతో ఇచ్చిన పుస్తకములో కొన్నిచోట్ల ఒకటికి మించిన అంకెలను అనుమతింతురు. దూరప్రయాణములు వేగముగా చేయువారు, బండి నిండ బరువుతో తిరుగువారు ఆ అనుమతించిన వానిలో చిక్కనిదానిని ఎన్నుకొనుట సబబే. ఆ హద్దు దాటరాదు. కొందరు తయారీదారులు ఒకే ఇంజనునకు ఒక దేశమున పలుచని నూనెను, వేరొక దేశమున చిక్కని నూనెను విధించుటయు కలదు. అందుచేత విదేశమునందలి బంధువుల మాటపై గాక, మన దేశమున అమ్మిన కారుతో వచ్చిన పుస్తకముపై ఆధారపడవలెను.

అంకెలు కుదిరినంత మాత్రమున పని ముగియదు. 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన ఒరపిడిలో నూనె చిక్కదనమును కొలుచు పరీక్ష యొకటి కలదు. 30 అంకె గల నూనెకు ఆ పరీక్షలో కనీసము 2.9 ఉండవలెను. కాని ఐరోపా తయారీదారులు తమ శక్తిమంతమైన ఇంజనులు పెక్కింటికి 3.5కు తగ్గరాదందురు. ఆ రెండు నూనెల డబ్బాలపైనను 5డబ్ల్యు–30 అనియే యుండును! భేదమును తెలుపునవి ఏ.సి.ఇ.ఏ. తరగతియు, కారు తయారీదారు ఇచ్చిన ఆమోదపు సంఖ్యయు. పుస్తకములోని సంఖ్య, డబ్బాపైని సంఖ్య అక్షరాల ఒకటి కావలెను.

పెట్రోలు టర్బో ఇంజనులకు మరియొక చిక్కు కలదు. తక్కువ చుట్లలో ఎక్కువ బరువు లాగునప్పుడు, స్పార్కు పడకముందే ఇంధనము అంటుకొని పిస్టనును పగులగొట్టవచ్చును. నూనెలో మలినములను కడుగుటకు చేర్చు కాల్షియము లవణములు ఇందులకు తోడ్పడునని తేలినది. అందుచేత 2020లో వచ్చిన ఏ.పి.ఐ. ఎస్.పి. తరగతిలో ఈ దోషమునకు పరీక్ష విధించిరి; 2025లో దాని తరువాతి ఎస్.క్యు. వచ్చినది. క్రొత్త టర్బో కారున్నవారు చౌకగా దొరకిన పాత తరగతి నూనెను పోయుట కూడని పని.

సింథటిక్ అను మాటను గూర్చియు కొంత చెప్పవలెను. విశాఖపట్టణమున 1957లో కాల్టెక్స్ సంస్థ ఆరంభించిన శుద్ధి కర్మాగారము 1978లో హిందుస్తాన్ పెట్రోలియమున విలీనమైనది. ఆ సంస్థవారి ముంబయి కర్మాగారమున ముడిచమురు నుండి మూలతైలములను తీయుదురు. మూలతైలములను అయిదు వర్గములుగా విభజించిరి. మూడవ వర్గము ముడిచమురునే హైడ్రోజనుతో తీవ్రముగా శుద్ధిచేసినది. నాలుగవది రసాయనశాలలో కూర్చినది. వర్తకములో రెంటిని సింథటిక్ అనియే అమ్ముచున్నారు. ఇవి వేడిమికి ఎక్కువ ఓర్చును. టర్బో ఇంజనునకు సాధారణ ఖనిజతైలము కంటె ఇవి మేలు. కాని ఆ మాట ఆమోదపు సంఖ్యకు బదులు కాజాలదు.

నూనెను ఎన్నుకొనుట యెట్లో, మార్చుటయు అట్లే. శ్రీకూర్మము నుండి శ్రీకాకుళము బజారునకు నిత్యము పోయివచ్చు కారును తలపుడు. ఆ దూరము పదిహేను కిలోమీటర్ల లోపే. నీరు వేడెక్కినంత త్వరగా నూనె వేడెక్కదు. అది పూర్తిగా కాగులోపల ఇంజను ఆగిపోవుచుండును. చెమ్మయు, కాలని పెట్రోలు బొట్లును నూనెలో నిలిచిపోవును. అదే కారు శ్రీకాకుళము నుండి విశాఖకు 16వ జాతీయ రహదారిపై నూరు కిలోమీటర్లకు పైగా పరుగిడినచో ఆ చెమ్మ ఆవిరియగును, కాని నూనె తీవ్రమైన వేడికి గురియగును. తక్కువ తిరిగిన కారునకు నూనె పాడుకాదనుకొనుట పొరపాటు. కిలోమీటర్లు నిండకున్నను పుస్తకములో చెప్పిన కాలము నిండగానే మార్చవలెను. పొట్టి ప్రయాణములే ఎక్కువైనచో ఇంకను ముందుగా మార్చవలెను. వేగముగా వచ్చి ఆగినప్పుడు ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపుట మంచి అలవాటు. లేనిచో టర్బోలో నిలిచిన నూనె మాడి బొగ్గగును.

కొనునప్పుడు మూత ముద్ర చెదరని డబ్బానే తీసికొని, మీ కన్నులయెదుట విప్పించుడు. ఖాళీ డబ్బాను చిల్లుపొడిచి పారవేసినచో కల్తీ వ్యాపారికి అది ఉపయోగపడదు. మిగిలిన కారు నూనెను మోటారు సైకిలులో పోయవద్దు. పెక్కు మోటారు సైకిళ్లలో క్లచ్చి అదే నూనెలో మునిగియుండును గనుక జారిపోవును. దింపిన పాత నూనెను కాలువలోగాని పొలములోగాని పారబోయక, దానిని సేకరించి శుద్ధికి పంపు కార్యశాలకు అప్పగింపుడు.

వారమున కొకసారి డిప్‌స్టిక్ తీసి నూనె మట్టమును చూచుడు. మట్టము తగ్గినచో ఎంత మంచి నూనెయైనను ఇంజనును కాపాడలేదు. మట్టము దానంతట అది పెరిగినచో పెట్రోలు కలియుచున్నదని అనుమానింపవలెను. ఈసారి నూనె మార్పించుటకు పోవునప్పుడు, కారు పెట్టెలో అడుగున పడియున్న ఆ పుస్తకమును పైకి తీసి, నూనె పుటను తెరచి, దుకాణదారు చేతికిండు. అందులో వ్రాసిన అంకెలు, తరగతి, ఆమోదపు సంఖ్య మూడును కుదిరిన డబ్బాయే మీ కారునకు తగిన నూనె.