చెత్తంతా ఒకే బకెట్‌లో ఇచ్చేస్తున్నారా? బండి వీధి దాటాక జరిగేది ఇదీ..

పూర్తిగా తెల్లారకముందే మస్టరు. శ్రీకాకుళమైనా, విజయనగరమైనా పారిశుద్ధ్య కార్మికుల రోజు అక్కడే మొదలవుతుంది. హాజరు పడ్డాక కొందరు చీపుర్లతో రోడ్ల మీదకు, మరికొందరు చెత్త బండ్లతో వీధుల్లోకి. విజిల్ వినపడగానే ఇంట్లోంచి బకెట్ బయటికొస్తుంది. బండిలో పడటానికి పది సెకన్లు పట్టదు. మన పని అయిపోయింది. వాళ్లకు మాత్రం అసలు పని అప్పుడే మొదలు.

తడి, పొడి, ప్రమాదకర చెత్త వేర్వేరుగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. 2021 అక్టోబర్ 2న మొదలైన 'క్లాప్' కార్యక్రమంలో పట్టణాల్లో ఇళ్లకు మూడు రంగుల డబ్బాలు కూడా ఇచ్చారు. ఆకుపచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకర చెత్తకు. వాటిలో నీళ్లు పట్టుకున్న ఇళ్లూ లేకపోలేదు లెండి!

మరి కలిపేస్తే ఏమవుతుంది? రాత్రి మిగిలిన చేపల పులుసు, న్యూస్‌పేపరు, పాల ప్యాకెట్ ఒకే కవర్లో కట్టి పడేశారనుకోండి. పేపరు నానిపోయి పనికిరాదు. పాల ప్యాకెట్‌ను పాత సామాన్లవాళ్లు కొంటారు కానీ, పులుసు అంటితే రేటు పడిపోతుంది. ఆ మూటను విప్పి వేరు చేయాల్సింది ఒక మనిషి చేతులే. లోపల పగిలిన గ్లాసు ముక్కో, బ్లేడో, వాడేసిన సూదో ఉంటే? అంతా కలిసిన చెత్తలో గ్లౌజులు జారుతుంటాయి, చిరుగుతాయి. చిన్న గాయం చాలు, ధనుర్వాతం, హెపటైటిస్-బి ముప్పు ఉన్నట్టే.

విడిగా ఇస్తే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. వీణలకు పేరున్న బొబ్బిలికి, తడి చెత్తతో వానపాముల ఎరువు చేసే మున్సిపాలిటీగానూ పేరుంది. ఇక్కడో కిటుకుంది. పచ్చి చెత్తను నేరుగా వానపాములకు వేయకూడదు. కుళ్లేటప్పుడు పుట్టే వేడికి అవి చచ్చిపోతాయి. కొన్నాళ్లు కుప్పపోసి, సగం మగ్గాక తొట్టెల్లో వేస్తారు. ఎరువు చేతికి రావాలంటే సుమారు రెండు నెలలు. మధ్యలో గాజు ముక్కలు, ప్లాస్టిక్ కలిశాయంటే ఆ ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు.

ఇంత పనికి చేతికొచ్చేదెంత? 2022 జులై సమ్మె తర్వాత జీతం 15 వేలు, హెల్త్ అలవెన్స్ 6 వేలు, మొత్తం 21 వేలు ఇచ్చేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. 2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ సమ్మె. అప్పుడు వీధుల్లో పేరుకున్న కుప్పలు చూశాకే చాలామందికి వీళ్ల విలువ తెలిసొచ్చింది. చెత్త పన్ను 2024 డిసెంబర్ 31 నుంచి రద్దయింది. జనానికి ఊరటే. పన్ను పోయింది కానీ చెత్త తగ్గలేదుగా!

రేపటి బకెట్‌కు నాలుగు మాటలు. పగిలిన గాజును మందపాటి పేపర్లో చుట్టి, చేతికిచ్చేటప్పుడు 'గాజుందమ్మా' అని చెప్పండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టి ఇవ్వండి. పాల ప్యాకెట్ ఒకసారి కడిగేస్తే చాలు. సూదులు మాత్రం మూతున్న డబ్బాలోనే..