పెంపకానికి తెలివి పరీక్షా?

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఎవరి కంటా పెద్దగా పడని వాక్యం ఒకటుంది. 38వ సెక్షన్, మూడో ఉపసెక్షన్. 'బుద్ధిమాంద్యం' గల తల్లిదండ్రుల బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చునని బాలల సంక్షేమ కమిటీ ప్రకటించవచ్చునంటుంది అది. బిడ్డను కొట్టారా, పస్తు పెట్టారా అన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు. హింస ఉన్నచోట బిడ్డను కాపాడవలసిందే. దానికి అదే చట్టంలో వేరే సెక్షన్లున్నాయి.

ఈ వాక్యం కాగితం మీద అందరికీ ఒకటే. తెనాలి చుట్టుపక్కల భూవసతి గల ఇంట్లో కొడుక్కి మేధో వైకల్యం ఉంటే మనవణ్ణి నాయనమ్మ పెంచుతుంది, పనిమనిషి ఉంటుంది, ఆస్తి సంగతి అన్నదమ్ములు చూస్తారు. ఆ తండ్రి పెంపకం గురించి ఎవరూ ఆరా తీయరు. అదే వైకల్యం బాపట్ల దగ్గరి దళితవాడలోని తల్లికో, రేపల్లె వైపు కాలువగట్టు మీది యానాది గుడిసెలోని తల్లికో ఉంటే? అమ్మమ్మ తెల్లవారకముందే నాట్లకో, మినుము తీతకో పోవాలి. తాత చేపల చెరువు కాపలాకు పోవాలి. బిడ్డ రోడ్డు పక్కన ఆడుకుంటే అది 'నిర్లక్ష్యం'. కూలికి పోయిన ఏ తల్లి బిడ్డయినా అక్కడే ఆడుకుంటుందన్నది లెక్కకు రాదు. పేదరికపు నేరాన్ని బుద్ధి మీద మోపుతున్నాం. తరతరాలుగా చదువు నిరాకరించి, చదువు లేనందుకే తెలివి లేదన్న సమాజం మనది. తెలివి అన్న మాటకు ఇక్కడ కులం ఉంది.

2009లో చండీగఢ్ కేసులో, ప్రభుత్వ ఆశ్రమంలోని మేధో వైకల్యం గల యువతికి ఆమె అంగీకారం లేకుండా గర్భస్రావం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. కనే హక్కును కోర్టు గుర్తించిన ఆరేళ్లకు, పెంచే హక్కును పార్లమెంటు ఒక్క వాక్యంతో దెబ్బతీసింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లోనే ఆమోదించింది. బిడ్డ వైకల్యాన్ని గానీ, తల్లిదండ్రుల వైకల్యాన్ని గానీ కారణంగా చూపి వారిని విడదీయరాదని దాని 23వ అధికరణం చెబుతుంది. మన 2016 చట్టం 9వ సెక్షన్‌లో బిడ్డ వైకల్యం మాత్రమే ఉంది. మిగతా సగాన్ని వదిలేశారు. వికలాంగ స్త్రీల పిల్లల పెంపకానికి తోడ్పాటు అన్న మాట 24వ సెక్షన్‌లో ఉంది, కాకపోతే ప్రభుత్వ ఆర్థిక సామర్థ్యం మేరకు అన్న షరతుతో.

రాష్ట్రంలో వికలాంగ పింఛను 2024 జూలై నుంచి నెలకు 6 వేలు అయింది. మేలే. అయితే జ్వరం మందు ఎంత పోయాలో డబ్బు చూపించదు. ఇంటికే వచ్చి, బొమ్మలతో, చేసి చూపిస్తూ, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ నేర్పితే ఇలాంటి తల్లిదండ్రుల పెంపకం మెరుగవుతుందని పలు దేశాల అనుభవం. ఆ పని చేయగల అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు మన ఊళ్లలోనే ఉన్నారు. వారికి శిక్షణ ఇవ్వాలి, అదనపు వేతనమూ ఇవ్వాలి. ఉన్న జీతానికే ఇంకో పని తగిలించడం మనకు బాగా అలవాటు.

ఆ ఉపసెక్షన్‌లోని 'బుద్ధిమాంద్యం' మాటలను తొలగించమని దళిత, ఆదివాసీ, వికలాంగుల సంఘాలు కలిసి అడగాలి. ఈలోగా గుంటూరు, బాపట్ల జిల్లాల కమిటీలు తమ ముందుకు వచ్చే ప్రతి ఫైలు మీదా ఒక ప్రశ్న వేయవచ్చు, దానికి చట్ట సవరణ అక్కరలేదు: ఈ తల్లికి ఇంతవరకు ఎవరు, ఏం సాయం చేశారు?